పీసీ1832: సైరన్ ఆగినా ఫ్లడ్ లైట్లు ఆరడం లేదు, స్టార్ 71 కొడితే 5 సెకన్లే వెలుగుతున్నాయి

తెనాలి_లోవోల్టేజ్

నగల షాపు. దొంగ అలారం ప్యానెల్ డీఎస్‌సీ పవర్‌సిరీస్ పీసీ1832 బోర్డు, పీకే5500 కీప్యాడ్. విడివిడిగా కాపలా పెట్టుకునే భాగాలు (పార్టిషన్లు) రెండు: పార్టిషన్ 1 షోరూమ్, పార్టిషన్ 2 లోపలి స్ట్రాంగ్ రూమ్. షాపు ముందు 50 వాట్ల ఎల్‌ఈడీ ఫ్లడ్ లైట్లు రెండున్నాయి. కావలసింది ఇదీ: అలారం పడితే లైట్లు వెలగాలి, పది నిమిషాలకు వాటంతటవే ఆరాలి. అలారం లేనప్పుడు కూడా ఓనరు కీప్యాడ్ మీద స్టార్ 71 (స్టార్ బటన్, 7, 1) కొడితే వెలగాలి, మళ్లీ కొడితే ఆరాలి. సైరన్ మాత్రం 4 నిమిషాలు చాలు, చుట్టూ ఇళ్లున్నాయి.

ఇప్పుడున్న వైరింగ్: ఆక్స్ ప్లస్ (బోర్డు 12 వోల్టుల సప్లై టెర్మినల్) నుంచి రిలే కాయిల్‌కి ఒక వైరు. కాయిల్ రెండో చివర పీజీఎమ్1, పీజీఎమ్2 (ఏ పని చేయాలో మనం ప్రోగ్రామ్ చేసుకునే అవుట్‌పుట్‌లు) రెండూ కలిపి బిగించాను. గుండ్రటి బేస్‌లో కూర్చునే 8 పిన్నుల రిలే, 12 వోల్టుల డీసీ కాయిల్. డయోడ్ లేదు. ఏ పీజీఎమ్ ఏ రకమో చెప్పే సెక్షన్ 009లో ఫ్యాక్టరీ విలువలే ఉన్నాయి.

ఏం జరుగుతోందంటే, షోరూమ్‌లో అలారం పడితే సైరన్ 4 నిమిషాలకు ఆగుతోంది కానీ లైట్లు పొద్దున ఎవరో ఒకరు వచ్చి కోడ్ కొట్టేదాకా ఆరవు. స్టార్ 71 కొడితే 5 సెకన్లు వెలిగి ఆరిపోతాయి. స్ట్రాంగ్ రూమ్ జోన్ (సెన్సర్ లైను) పడితే సైరన్ మోగుతుంది, లైట్లు మాత్రం వెలగవు. ఈమధ్య స్టార్ 71కి రిలే ఒక్కోసారి అసలు పట్టడమే లేదు.

సెక్షన్ 170లో (పీజీఎమ్ టైమర్) టైమ్ పెంచుదామంటే 255 దాటి వెళ్లడానికి లేదు. ఎక్కడ మార్చాలి?

---

ప్యానెల్_పంతులు

మొదటి మూడింటిలో బోర్డు తప్పేం లేదండీ, ఫ్యాక్టరీ విలువలు చెప్పినట్టే నడుస్తోంది. నాలుగోది వైరింగ్ సంగతి, అది చివర్లో చెప్తా.

పీజీఎమ్ ప్రోగ్రామ్ చేసేటప్పుడు చాలామంది అది ఎప్పుడు ఆన్ అవాలో ఒక్కటే చూసి 009 తెరుస్తారు. అది దేనివల్ల ఆఫ్ అవాలో ముందే కాగితం మీద రాసుకోవాలి. ఒకే దొంగ అలారానికి ఆన్ అయ్యే రకాలు ఈ బోర్డులో ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి. వాటి మధ్య తేడా అంతా ఆఫ్ అయ్యే చోటే.

009లో రెండంకెలు, మళ్లీ రెండంకెలు. మొదటి జత పీజీఎమ్1ది, రెండోది పీజీఎమ్2ది. ఫ్యాక్టరీ నుంచి 19, 10 అని వస్తాయి.

10 అంటే సిస్టమ్ ఈవెంట్. ప్యానెల్ ఆర్మ్‌లో (కాపలాలో) ఉండగా అలారం పడితే ఈ అవుట్‌పుట్ పట్టుకుని కూర్చుంటుంది, డిస్ఆర్మ్ చేస్తే తప్ప వదలదు. బెల్ (సైరన్) టైమ్‌కీ దీనికీ సంబంధం లేదు. షాపు తెరవడానికి వచ్చినవాళ్లకు రాత్రి ఏదో జరిగిందని బయటే తెలియాలని, లోపలికి నేరుగా వెళ్లకూడదని పెట్టిన రకం ఇది. స్ట్రోబ్ లైటుకి సరిగ్గా సరిపోతుంది, ఫ్లడ్ లైటుకి కాదు. దీని ఆట్రిబ్యూట్లలో (ఆన్, ఆఫ్ చేసుకునే ఆప్షన్లలో) 8 ఆన్ చేస్తే పట్టుకోకుండా టైమర్ ప్రకారం వదులుతుంది. కానీ ఆ టైమర్ మీరు చెప్పిన 170యే. సెకన్లలో 255 వరకే, అంటే 4 నిమిషాల 15 సెకన్లు. పైగా స్టార్ 71 పల్స్‌కి కూడా ఆ టైమరే. పది నిమిషాలు ఆ దారిలో రావు.

19 అంటే కమాండ్ అవుట్‌పుట్ 1, స్టార్ 71కి పలికేది. ఫ్యాక్టరీలో పల్స్‌గా ఉంటుంది, 170లో 005 ఉంటుంది. మీ 5 సెకన్లు అవే. 501లో (పీజీఎమ్1 ఆట్రిబ్యూట్ల సెక్షన్; పీజీఎమ్2కి 502) ఆట్రిబ్యూట్ 4 ఆఫ్ చేస్తే పల్స్ పోయి, ఒకసారి కొడితే ఆన్, మళ్లీ కొడితే ఆఫ్ అవుతుంది. అప్పుడు దానికి 170తో పనే లేదు.

స్ట్రాంగ్ రూమ్ సంగతి పార్టిషన్ అసైన్‌మెంట్. పీజీఎమ్1కి 551, పీజీఎమ్2కి 552. అందులో 1 ఒక్కటే వెలుగుతూ ఉంటుంది, 2 కూడా ఆన్ చేయండి. రెండో పార్టిషన్ తర్వాత కలిపిన ప్రతి షాపులోనూ మరిచిపోయేది ఈ సెక్షనే.

ఇప్పుడు మీరు చేయాల్సింది. రెండు పార్టిషన్లూ డిస్ఆర్మ్‌లో ఉంచి స్టార్ 8, ఇన్‌స్టాలర్ కోడ్. అది ఇంకా ఫ్యాక్టరీ 5555యే అయితే ముందు 006లో మార్చేయండి, నగల షాపు అది.

009: 19, తర్వాత 01. ఈ 01 బెల్ ఫాలోవర్, సైరన్ ఎంతసేపో అదీ అంతసేపే.
501: 3 ఆన్, 4 ఆఫ్. 5 అనేది స్టార్ 71కి యూజర్ కోడ్ అడగాలా వద్దా అన్నది. కీప్యాడ్ కస్టమర్లకు అందే చోట ఉంటే ఆన్ ఉంచండి.
502: 3 ఆన్.
551, 552: 1, 2 రెండూ ఆన్.
005 లోపల 09: 004. ఇది బెల్ కటాఫ్, నిమిషాల్లో.

ఆట్రిబ్యూట్ 3 ఆన్‌లో ఉంటే అవుట్‌పుట్ మామూలు దిశ, ఆఫ్ చేస్తే తిరగబడుతుంది. తిరగేస్తే రిలే రోజంతా పట్టి ఉండి, అలారంలో వదులుతుంది. లైటుకి ఆ అవసరం లేదు. 30 మిల్లీఆంప్ కాయిల్ 24 గంటలు పట్టి ఉంటే బ్యాటరీలోంచి 0.72 ఆంపియర్ అవర్ లాగేస్తుంది. 7 ఆంపియర్ అవర్ బ్యాటరీకి, కరెంటు లేని రోజున అది తక్కువేం కాదు.

ఒక జాగ్రత్త. 009లో రకం మారిస్తే ఆ పీజీఎమ్ ఆట్రిబ్యూట్లు ఫ్యాక్టరీ స్థితికి తిరిగిపోతాయి. కాబట్టి 009 ముందు, 501, 502 తర్వాత. వరుస తిరగేస్తే మీరు కష్టపడి మార్చినవి మాయమవుతాయి, కీప్యాడ్ ఒక్క మాట కూడా చెప్పదు.

రిలే సంగతి: పీసీ1832లో పీజీఎమ్1 తట్టుకునేది 50 మిల్లీఆంప్, పీజీఎమ్2 300 మిల్లీఆంప్. మీ గుండ్రటి బేస్ రిలే కాయిల్ 1.2 వాట్లు అనుకున్నా 100 మిల్లీఆంప్ లాగుతుంది. పీజీఎమ్2 మోసింది, పీజీఎమ్1 చస్తోంది. మిగతాది కింద ఎవరైనా వివరంగా రాస్తారు.

---

కాయిల్_కాంటాక్ట్

రాస్తా.

ఈ పీజీఎమ్‌లు నెగటివ్ ఇచ్చే రకం. లోపల ట్రాన్సిస్టర్ ఆన్ అయితే ఆ టెర్మినల్ గ్రౌండ్‌కి కలుస్తుంది, అంతే. అందుకే లోడ్‌కి ప్లస్ ఆక్స్ నుంచి, మైనస్ పీజీఎమ్ నుంచి. ఈ తెనాలి తమ్ముడు అది సరిగ్గానే చేశాడు. కాయిల్‌ని పీజీఎమ్‌కీ ఆక్స్ మైనస్‌కీ మధ్య కట్టి, అవుట్‌పుట్ రావడం లేదని బోర్డు మార్చేసేవాళ్లు చాలామంది.

రిలే మార్చండి. పీసీబీ మీద వాడే చిన్న చదరపు రిలే, 12 వోల్టులది, కాయిల్ రెసిస్టెన్స్ 400 ఓమ్‌లది తీసుకోండి. 12 వోల్టుల దగ్గర 30 మిల్లీఆంప్, చార్జింగ్‌లో ఆక్స్ 13.8 వోల్టులున్నా 35 లోపే. 50కి లోపల హాయిగా ఉంటుంది. కొనే ముందు మీటర్‌తో కాయిల్ కొలవండి. 280 ఓమ్‌ల కంటే తక్కువ చూపిస్తే పీజీఎమ్1కి వద్దు.

కాయిల్ మీద 1ఎన్4007 డయోడ్ తప్పనిసరి. గీత ఉన్న వైపు ఆక్స్ ప్లస్‌కి, రెండో వైపు పీజీఎమ్‌కి. రిలే వదిలిన క్షణంలో కాయిల్ నుంచి వెనక్కి వచ్చే వోల్టేజ్ ట్రాన్సిస్టర్‌ని చంపేస్తుంది. ఒక్కసారికే పోకపోవచ్చు. నెలల తరబడి నలిగి, మీరు చెప్పినట్టు ఒక్కోసారి పట్టి ఒక్కోసారి పట్టకుండా తయారవుతుంది. డయోడ్ తిరగేసి కడితే ఇంకా ఘోరం. పీజీఎమ్ ఆన్ అవగానే ఆక్స్ నేరుగా గ్రౌండ్‌కి షార్ట్.

పీజీఎమ్1 బతికి ఉందో లేదో చూడాలంటే రిలే పీకేసి ఆక్స్ ప్లస్ నుంచి 1కె రెసిస్టర్, దాని తర్వాత ఎర్ర ఎల్‌ఈడీ, ఎల్‌ఈడీ మైనస్ కాలు పీజీఎమ్1కి. సుమారు 12 మిల్లీఆంప్. స్టార్ 71 కొడితే నిండుగా వెలగాలి, ఆఫ్‌లో పూర్తిగా ఆరాలి. ఆఫ్‌లో కూడా మసక వెలుగు ఉంటే ట్రాన్సిస్టర్ లీక్ అవుతున్నట్టు. లోడ్ లేకుండా ఉత్తి మీటర్ పెట్టి పీజీఎమ్‌కీ గ్రౌండ్‌కీ మధ్య కొలిస్తే అర్థం లేని అంకెలు వస్తాయి. నమ్మొద్దు.

లైట్ల వైపు: రెండూ కలిపి 100 వాట్లు, 230 వోల్టుల దగ్గర అర ఆంపియర్ కూడా లేదు. కానీ ఎల్‌ఈడీ డ్రైవర్ ఆన్ అయిన క్షణంలో గుంజే కరెంట్ దానికి ఎన్నో రెట్లు. ఆ చిన్న రిలే మీద 10 ఆంపియర్లు అని రాసి ఉన్నా కాంటాక్ట్‌లు కొన్నాళ్లకు అతుక్కుపోతాయి. అప్పుడూ లైట్లు ఆరవు, మీరేమో మళ్లీ 009 తెరిచి వెతుకుతుంటారు. చిన్న రిలేతో 230 వోల్టుల కాయిల్ కాంటాక్టర్‌ని (పెద్ద లోడ్ మోసే రిలేని) నడిపి, లైట్లు కాంటాక్టర్ మీద వేయండి. 230 వోల్టుల వైర్లు ప్యానెల్ డబ్బాలోకి రానే కూడదు. విడిగా ఒక బాక్స్, దానికో ఎంసీబీ. ప్యానెల్ నుంచి ఆ బాక్స్‌కి 12 వోల్టుల జత వైర్లే వెళ్లాలి.

పీజీఎమ్1, 2 ఒకే కాయిల్‌కి కలపడం తప్పు కాదు. ఏది గ్రౌండ్‌కి లాగినా రిలే పడుతుంది, ఒకదానికొకటి అడ్డం రావు. కాయిల్ 50 మిల్లీఆంప్ లోపు ఉంటే అలాగే ఉంచుకోవచ్చు.

---

జోన్_ఎండ్_రెసిస్టర్

పై రెండూ బాగున్నాయి కానీ పది నిమిషాల లెక్క తేలలేదు. బెల్ ఫాలోవర్ పెడితే లైట్లు కూడా 4 నిమిషాలకే ఆరతాయి. బెల్ కటాఫ్ 010 చేస్తే సైరన్ కూడా పది నిమిషాలు మోగుతుంది, ఆయన వద్దన్నాడు. ప్యానెల్ లోపల దీనికి నేరుగా దారి లేదు. బయట ఆఫ్-డిలే టైమర్ (ట్రిగ్గర్ పోయాక కూడా పెట్టినంతసేపు ఆన్‌లో ఉంచేది) కావాలి.

టైమర్ పెట్టారంటే మాత్రం రెండు పీజీఎమ్‌లూ ఒకే కాయిల్‌కి కలపకూడదు. కలిపితే స్టార్ 71తో ఆపిన లైటు కూడా ఇంకో 6 నిమిషాలు వెలుగుతుంది, ఓనరు మీకు ఫోన్ చేస్తాడు. కాబట్టి రెండు చిన్న రిలేలు, రెండింటికీ విడివిడిగా డయోడ్లు. పీజీఎమ్2 రిలే టైమర్‌ని ట్రిగ్గర్ చేస్తుంది. పీజీఎమ్1 రిలే కాంటాక్టు, టైమర్ కాంటాక్టు పక్కపక్కనే ప్యారలల్‌గా కాంటాక్టర్ కాయిల్‌కి వెళ్తాయి. టైమర్ 6 నిమిషాలు. సైరన్ 4, టైమర్ 6, మొత్తం 10.

బజారులో దొరికే ఆఫ్-డిలే టైమర్లలో ఎక్కువ వాటికి సప్లై ఎప్పుడూ ఉండాలి, ట్రిగ్గర్ విడిగా రావాలి. దాని సప్లైని పీజీఎమ్ ద్వారా ఇస్తే, పీజీఎమ్ వదలగానే టైమర్ కూడా చచ్చిపోతుంది, ఒక్క సెకను కూడా ఆగదు. సప్లై నేరుగా ఆక్స్ నుంచి, ట్రిగ్గర్ మాత్రం రిలే ఎన్‌ఓ (మామూలుగా తెరిచి ఉండే) కాంటాక్ట్ నుంచి. 12 వోల్టుల డీసీకి పనిచేసేదా అని ముందే చూడండి, ప్యానెల్ బోర్డుల్లో వాడేవి 24కీ 230కీ ఎక్కువ దొరుకుతాయి.

ఇలా పెడితే మధ్యలో డిస్ఆర్మ్ చేసినా లైట్లు మరో 6 నిమిషాలుంటాయి. రాత్రి పూట లోపలికి వెళ్లి చూసుకునేవాడికి అది మంచిదే. ఇంకొకటి, ఓనరు స్టార్ 71తో వెలిగించి మరిచిపోతే ఏ టైమరూ ఆర్పదు.

షాపులో స్మోక్ డిటెక్టర్లు ఫైర్ జోన్‌గా పెట్టి ఉంటే బెల్ ఫాలోవర్‌తో మరో చిక్కు ఉంది. దొంగ అలారానికి అవుట్‌పుట్ నిలకడగా ఉంటుంది కానీ ఫైర్‌కి సైరన్‌తోపాటు ఆగి ఆగి వస్తుంది. టైమర్ లేకుండా కాంటాక్టర్‌ని నేరుగా నడిపితే అది టకటకా కొట్టుకుంటుంది, లైటు డ్రైవర్లు పోతాయి. ఆఫ్-డిలే మధ్యలో ఉంటే ఆ సమస్య దానంతటదే పోతుంది. ఒక్క ఈ కారణానికే నేనైతే టైమర్ ఖర్చు పెట్టిస్తా.

టెస్ట్ చేసేటప్పుడు ఊరంతా లేపకండి. బెల్ ప్లస్, బెల్ మైనస్ నుంచి సైరన్ వైర్లు తీసి, ఆ రెండు టెర్మినళ్ల మధ్య 1కె రెసిస్టర్ పెట్టండి. లేకపోతే బెల్ సర్క్యూట్ ట్రబుల్ చూపిస్తుంది. తర్వాత ఆర్మ్ చేసి షోరూమ్ జోన్ ఒకటి, స్ట్రాంగ్ రూమ్ జోన్ ఒకటి విడివిడిగా పడేయండి. పని అయ్యాక సైరన్ తిరిగి కట్టడం మరిచిపోతే ఆ 1కె వల్ల ప్యానెల్ అంతా బాగుందనే చెబుతుంది, జాగ్రత్త.

---

తెనాలి_లోవోల్టేజ్

అన్నలూ, చాలావరకు అయింది. 400 ఓమ్‌ల రిలేలు రెండు, డయోడ్లు, టైమర్ పెట్టాను. రెండు పార్టిషన్ల అలారాలకీ లైట్లు వెలిగి పది నిమిషాలకు ఆరుతున్నాయి.

స్టార్ 71 దగ్గరే ఆగిపోయాను. ఎల్‌ఈడీ పెట్టి చూస్తే పీజీఎమ్1 ఆఫ్‌లో కూడా మసకగా వెలుగుతోంది. సరేలే అని పీజీఎమ్2ని 19 చేసి, పీజీఎమ్1ని 01 చేసి అటూ ఇటూ మార్చి చూసి, మళ్లీ 19, 01కి తెచ్చాను. ఇప్పుడు స్టార్ 71 మళ్లీ 5 సెకన్లకు వచ్చింది. 501లో 4 ఆఫ్ చేశాను కదా?

---

ప్యానెల్_పంతులు

009లో అటూ ఇటూ మార్చినప్పుడే 501 ఫ్యాక్టరీకి పోయింది. పైన రాశా కదండీ. 009 తాకిన ప్రతిసారీ 501, 502 మళ్లీ తెరిచి కళ్లతో చూడండి.

మసక వెలుగు ఉంటే పీజీఎమ్1 పని అయిపోయినట్టే. ఈ రోజు రిలే పట్టి వదులుతున్నా, ఏదో ఒక రాత్రి పట్టుకుని వదలదు. పీసీ1832 మీద ఉన్నవి రెండే పీజీఎమ్‌లు, మూడోది లేదు. పీసీ5208 మాడ్యూల్ కలపండి. ఎనిమిది అవుట్‌పుట్‌లు, పీజీఎమ్3 నుంచి 10 వరకు, ఒక్కొక్కటి 50 మిల్లీఆంప్. మీ 30 మిల్లీఆంప్ రిలే దాని మీద నడుస్తుంది.

ప్యానెల్ పవర్ తీసేసి కీబస్ (కీప్యాడ్ లైను) నాలుగు వైర్లూ కట్టండి: ఎరుపు, నలుపు, పసుపు, ఆకుపచ్చ. పవర్ ఇచ్చి స్టార్ 8లోకి వెళ్లి 902, ఒక నిమిషం ఆగండి. 903లో మాడ్యూల్ కనిపించాలి. తర్వాత సెక్షన్ 010లో మొదటి జత పీజీఎమ్3ది, అక్కడ 19. 503లో 3 ఆన్, 4 ఆఫ్, 5 మీ ఇష్టం. 553లో 1, 2 ఆన్. బోర్డు మీది పీజీఎమ్1 వైరు విప్పి టేప్ చుట్టేయండి.

---

కాయిల్_కాంటాక్ట్

మాడ్యూల్ పెడుతున్నారు కాబట్టి ఒక అవుట్‌పుట్‌ని 10 చేసి, షట్టర్ పక్కన కనిపించేలా చిన్న ఎర్ర ఎల్‌ఈడీ ఇండికేటర్ పెట్టండి. 20 మిల్లీఆంప్ లోపు ఉండేది. మొదటి పోస్టులో మీకు విసుగు పుట్టించిన ఆ పట్టుకుని వదలని గుణం పనికొచ్చేది అక్కడే. అది వెలుగుతుంటే ఒంటరిగా షట్టర్ ఎత్తొద్దని స్టాఫ్‌కి చెప్పండి. పెద్ద స్ట్రోబ్ అయితే నేరుగా వద్దు, రిలే మీద.

---

తెనాలి_లోవోల్టేజ్

అలాగే అన్నా. వాచ్‌మన్ దగ్గర ట్రబుల్ లైటు కూడా అడుగుతున్నారు. రకం 09 (సిస్టమ్ ట్రబుల్) పెడితే సరిపోతుందా? ఇక్కడ కరెంటు పోవడం మామూలే, ప్రతిసారీ లైటు వెలిగితే వాళ్లు దాన్ని చూడటమే మానేస్తారు.

---

జోన్_ఎండ్_రెసిస్టర్

09యే. దాని ఆట్రిబ్యూట్లు స్టార్ 2 కొడితే వచ్చే ట్రబుల్ లిస్ట్ వరుసలోనే ఉంటాయి. 2 అంటే ఏసీ ఫెయిల్ (కరెంటు పోవడం), అది ఆఫ్ చేయండి. 3 ఫోన్ లైను. షాపులో ల్యాండ్‌లైన్ లేకుంటే అదీ ఆఫ్. 1 మాత్రం ఆఫ్ చేయొద్దు, బ్యాటరీ, బెల్ సర్క్యూట్ ట్రబుల్స్ అందులోనే వస్తాయి. 8 గడియారం పోవడం. కరెంటూ బ్యాటరీ రెండూ పోయి వచ్చాక అది వస్తుంది, స్టార్ 6లో టైమ్ పెట్టేదాకా పోదు. ఆన్‌లో ఉంచితే ప్యానెల్ పూర్తిగా ఆరిపోయి మళ్లీ లేచిందని వాచ్‌మన్‌కి తెలుస్తుంది, నేనైతే ఉంచుతా.

ఏసీ ఫెయిల్ ఆపాం కాబట్టి ఎంసీబీ పడి ప్యానెల్ ఒక్కదానికే కరెంటు పోయినా లైటు వెలగదు. బ్యాటరీ దిగిపోయాక 1 కింద వెలుగుతుంది. ప్యానెల్‌కిచ్చే ఎంసీబీని షోకేస్ లైట్లతో కలపకుండా విడిగా పెట్టించండి.